ఆగస్టు 29 పక్కన మా ఊరి పేరు కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక లోపలి పేజీలో రోజూ వేసే ‘చరిత్రలో ఈ రోజు’ గురించి ఈ ఉత్తరం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పేపరు మాకు పాతపట్నం వైపు నుంచి వస్తుంది. వచ్చీ రాగానే దాన్ని అందుకునేది నా మనవరాలు. అయిదో తరగతి చదువుతోంది. బడిలో ఒడియా, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు ఇంట్లో నేను దిద్దించినవే. పెద్ద వార్త చదవమంటే విసుక్కుంటుంది కానీ, ఒక్కొక్కటీ రెండు లైన్లే కాబట్టి ఈ శీర్షికని మాత్రం కింద వేలు పెట్టుకుని చివరిదాకా చదువుతుంది. నచ్చినవి కత్తిరించి, లాంగ్ నోట్‌బుక్కులో అన్నం మెతుకులతో అంటిస్తుంది. ఆ పిల్ల తెలుగు పాఠ్యపుస్తకం అదే అనుకోండి. అందుకే ఆ నాలుగు లైన్లలో ఏం ఉంది, ఏం లేదు అన్నది నాకు పట్టింపు.

ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. మీరు వేశారు, సంతోషం. అయితే శ్రీకాకుళం జిల్లాలో పుట్టారని, వాడుక భాష కోసం ఉద్యమించారని ఒక్క లైనుతో సరిపెట్టారు. పాప అది చదివి, నా వైపు తిరిగి, “అమ్మమ్మా, ఈయన మన ఊరాయనే అన్నావు కదా, పేపర్లో లేదేం?” అంది. నేను చెప్పింది తప్పనుకుంది. ఆ వయసులో అచ్చులో ఉన్నదే నిజం.

ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆ రోజుల్లో అది గంజాం జిల్లా. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయి ఏర్పడింది. అంటే ఆయన కన్నుమూసిన పదేళ్ళకు. ఆ ఊరు ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉందని రాస్తే తప్పేం లేదు. కానీ ఆయన 1880లో పదిహేడేళ్ళ కుర్రాడిగా రాజా వారి బడిలో టీచరుగా చేరింది పర్లాకిమిడిలో. యాభై ఏళ్ళకు పైగా ఉన్నది ఇక్కడే. కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకున్నదీ ఇక్కడి నుంచే. ఆ మాట ఎక్కడా లేకపోతే ఆయన బతుకులో పెద్ద భాగం ఎగిరిపోయినట్టే.

సవరల సంగతి కొంచెం ఎక్కువే చెప్తాను, ఏమీ అనుకోకండి. మా ఊరి సంతకి కొండ దిగి చింతపండు, పసుపు తెచ్చే సవర ఆడవాళ్ళని మేం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. బేరం ఆడటానికి మాకు నాలుగు మాటలు వచ్చు, అంతే. రామమూర్తి గారు వాళ్ళ భాష నేర్చుకోవడానికి కొండల్లో తిరిగారు. మలేరియా వచ్చింది. దానికి క్వినైన్ తెగ వాడటంతో చెవులు శాశ్వతంగా దెబ్బతిన్నాయి. ఒక భాషని చెవితో విని పట్టుకోవాల్సిన మనిషికి వినికిడి పోతే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. అయినా ఆపలేదు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టారు. తెలుగు లిపిలో వాళ్ళ భాషకి వాచకాలు తయారు చేశారు. 1931లో సవర వ్యాకరణం, తర్వాత నిఘంటువు తెచ్చారు. బడిలో పిల్లలకి వాళ్ళు మాట్లాడే మాటల్లోనే చదువు చెప్పాలన్న పట్టుదలే కొండ మీద సవర వాచకాలుగా, కింద వాడుక తెలుగు కోసం పోరాటంగా కనిపిస్తుంది. రెండూ వేరు కాదని నా నమ్మకం. మీ లైనులో రెండోదే ఉంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయింది. పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చింది. పాతపట్నం, టెక్కలి అటే ఉండిపోయాయి. రామమూర్తి గారు డెబ్బై మూడో ఏట ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న పోయారు. ఇవి చెప్పి ఎవరి మీదా కోపం తెచ్చుకోమని కాదు. మేం ఏప్రిల్ 1న ఉత్కళ దివస్ అందరితో కలిసి చేసుకుంటాం, మా పక్కింటి ఒడియా వాళ్ళతో కలిసే మిఠాయి పంచుతాం. మా మహారాజా కృష్ణచంద్ర గజపతి గారు 1937లో ఒడిశాకి మొదటి ప్రధాని (ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు) అయ్యారు, ఆయనంటే మాకూ గర్వమే. కానీ ఏటా ఏప్రిల్ 1న మీ శీర్షికలో ‘ఒడిశా అవతరణ’ అన్న రెండు మాటలే చూసినప్పుడు, ఆ సరిహద్దు గీత ఎవరి ఊళ్ళ మీదుగా పోయిందో మీ పాఠకులకు తెలియదే అనిపిస్తుంది. గీతకి ఇటు ఉన్నవాళ్ళం ఇంకా తెలుగు పేపరు కొంటున్నాం.

ఆగస్టు 10న మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి గారి జయంతికీ ఇదే తేడా. ‘ఒడిశాలోని బరంపురంలో’ పుట్టారని వేశారు. 1894లో బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉంది, ఒడిశా రాష్ట్రమే అప్పటికి లేదు. ‘అప్పటి’, ‘ఇప్పటి’ అనే రెండు మాటలు చేరిస్తే చాలు కదా.

అలా రాయగలరని మీరే చూపించారు. అదే ఆగస్టు 29న అణుపరీక్షల వ్యతిరేక దినం గురించి చక్కగా రాశారు. సోవియట్ యూనియన్ 1949లో ఆ రోజున తొలి అణుబాంబును సెమీపలాటిన్స్క్‌లో పరీక్షించిందని, ఆ చోటు ఇప్పుడు కజకిస్తాన్‌లో ఉందని, 1991లో అదే తేదీన ఆ కేంద్రాన్ని మూసేశారని, అందుకే ఐక్యరాజ్యసమితి ఈ తేదీని ఎంచుకుందని ఉంది. పాపకి ఒక్కసారికే అర్థమైంది, మ్యాపు తీసి కజకిస్తాన్ ఎక్కడో వెతికింది. కజకిస్తాన్‌కి ఇచ్చిన చోటు మా పర్లాకిమిడికీ ఇవ్వమనే అడుగుతున్నాను. హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం కూడా ఆ రోజే. ఆయన పుట్టిన, మాకు అలహాబాదుగా తెలిసిన ఊరిని ప్రయాగ్‌రాజ్ అని మాత్రమే వేశారు. రెండు పేర్లూ ఉంటే పాత పుస్తకాల్లో చదివిన పిల్లలు తికమకపడరు.

చోటు చాలదంటారేమో. సినిమా నటుల పుట్టినరోజులు ఆ రోజు పక్క పేజీలో ఎలాగూ ఫొటోలతో వేస్తున్నారు, మళ్ళీ ఇక్కడ అక్కర్లేదు. ఆ లైన్లు ఇటు ఇవ్వండి. తేదీలు సరిచూడటానికి మనిషి కావాలంటే మా దగ్గర పాత టీచర్లు ఉన్నారు, నేనూ ఉన్నాను. పర్లాకిమిడి, బరంపురం, గుణుపూర్, రాయగడ, జయపురం నుంచి తెలుగులో రాసి పంపేవాళ్ళు ఇంకా ఉన్నారు. అడగడమే ఆలస్యం.

పాప నోట్‌బుక్కులో ఆగస్టు 29 పేజీలో మీ కత్తిరింపు కింద కొంచెం ఖాళీ ఉంది. అక్కడ పెన్సిల్‌తో ‘పర్లాకిమిడి లో ఉన్నారు’ అని రాసింది. పర్లాలో ‘ల’ వత్తు ఎక్కడ పెట్టాలో తెలియక రెండుసార్లు చెరిపింది, కాగితం కాస్త నలిగింది. వచ్చే ఏడు ఆ మాట మీ అచ్చులో వస్తే దాని మీదే అంటించుకుంటానని చెప్పింది.

ఇట్లు
ఒక పాఠకురాలు
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా