యెమెన్ మీద మనం వేసిన ఓటు: విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విదేశాంగ మంత్రి జైశంకర్ గారికి,

నమస్కారమండీ. 2015 ఏప్రిల్‌లో యెమెన్‌లోని హొదైదా రేవులో మన నేవీ ఓడ ఎక్కి బతికి బయటపడ్డవాళ్లలో నేనొకణ్ణి. అప్పుడు మీరు విదేశాంగ కార్యదర్శి. ఆపరేషన్ రాహత్ పేరుతో 4,640 మంది మనవాళ్లని, వాళ్లతో పాటు 41 దేశాలకు చెందిన మరో 960 మందిని ఆ బాంబుల మధ్య నుంచి బయటికి తెచ్చారు. ఓడ మెట్ల దగ్గర నా సంచీ అందుకున్న నేవీ కుర్రాడు పాస్‌పోర్టు చూసి, "కాకినాడాండీ? మాది టెక్కలి" అన్నాడు. ఆరేళ్లలో ఎదురుగా ఒక మనిషి నోటి నుంచి తెలుగు విన్నది అప్పుడే. ఏడ్చేశాను. ఆ రుణం ఈ లేఖతో తీరేది కాదు. కానీ నన్ను తీసుకొచ్చిన ప్రభుత్వమే ఆరేళ్ల తర్వాత, యెమెన్ యుద్ధంలో ఎవరేం తప్పు చేశారో రాసే ఐరాస బృందాన్ని ఇక పొడిగించొద్దని వేసిన ఒక ఓటు గురించి మిమ్మల్ని అడగాలి.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. 2009లో హొదైదాలోని ఒక ఆస్పత్రిలో చేరాను. ఉప్పుగాలి, ఉక్కపోత మా ఊళ్లోనూ ఉన్నాయి కాబట్టి అవి పెద్ద ఇబ్బంది కాలేదు. అలవాటు పడనిది కరెంటు కోతలకే. చమురు అమ్మే దేశంలో జనరేటర్‌కి డీజిల్ ఉండేది కాదు. ప్రభుత్వం సబ్సిడీ మీద ఇచ్చే డీజిల్ రాత్రికి రాత్రి పడవలెక్కి సముద్రం దాటిపోతుందని మా వాచ్‌మన్ దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరూ చెప్పేవాళ్లు. ఎవరి పడవలని మాత్రం పైకి అనేవాళ్లు కాదు. మధ్యాహ్నం దాటాక ఖాత్ అనే మత్తు ఆకు బుగ్గన పెట్టుకుని, గోడ మీదున్న అధ్యక్షుడి ఫొటో వైపు కళ్లతో చూపించేవాళ్లంతే.

ఒక సంగతి చెప్తాను. ఒకరోజు ఒక సైనికాధికారి మనిషి జాబితా పట్టుకొచ్చాడు. 120 పేర్లు, అందరికీ బ్లడ్ గ్రూప్ కార్డులు కావాలి. వచ్చింది నలభై మంది. మిగతావాళ్లేరీ అని అడిగితే, "ఈ రక్తమే తలా ముగ్గురికీ రాసెయ్" అన్నాడు నవ్వుతూ. నేను రాయనన్నాను. పక్క బెంచీలో రాసిచ్చారు. ఆ ఎనభై మంది కాగితం మీద సిపాయిలు. జీతం ప్రతి నెలా వస్తుంది, అధికారి జేబులోకి పోతుంది. యెమెన్ సైన్యంలో ఇలాంటి దొంగపేర్లు వేలల్లో ఉన్నాయని తర్వాత చదివాను కానీ, నాకు అప్పటికే తెలుసు, వాళ్ల గ్రూపులు కూడా తెలుసు: తలా ముగ్గురికీ ఒకటే గ్రూపు.

ఆ సైన్యాన్ని ఏలింది ఒకే ఇల్లు. 1978 నుంచి 2012 దాకా అధ్యక్షుడు అలీ అబ్దుల్లా సాలెహ్. రిపబ్లికన్ గార్డ్ కొడుకు అహ్మద్ అలీది. సెంట్రల్ సెక్యూరిటీ అన్న కొడుకు యాహ్యాది. అధ్యక్షుడి రక్షణదళం మరో అన్న కొడుకు తారిఖ్‌ది. వైమానిక దళం సవతి సోదరుడిది. మన పెళ్లి శుభలేఖల్లో కింద వరసగా వేస్తారే బంధుమిత్రుల పేర్లు, ఆ దేశ సైనిక కమాండ్ అచ్చం అలా ఉండేది. ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2015లో లెక్కగట్టింది: ఆ పాలనలో సాలెహ్ కూడబెట్టింది 3,200 కోట్ల నుంచి 6,000 కోట్ల డాలర్ల మధ్య ఉండొచ్చని, చమురు, గ్యాస్ కాంట్రాక్టులు, ఇంధన సబ్సిడీ దాని వనరులని, ఆ సొమ్ము కనీసం 20 దేశాల్లో దాచారని. సాలెహ్ వైపువాళ్లు ఇది ఒప్పుకోలేదు. సరే, అందులో పదో వంతే నిజమనుకుందాం. మా జనరేటర్‌కి ఎన్నేళ్ల డీజిల్ వచ్చేది?

మంత్రిగారూ, ఇంతకాలం ఒక కుటుంబం ఇలా ఎలా నిలబడిందంటే, బయటివాళ్లకి ఆ కుటుంబం పనికొచ్చింది కాబట్టి. అమెరికాకి అల్ ఖాయిదా మీద పోరాడే మనిషి కావాలి. ఆ డబ్బు, ఆ శిక్షణ వెళ్లింది కొడుకు, అన్న కొడుకుల దళాలకే. 2006లో రాజధాని సనాలోని జైలు నుంచి 23 మంది అల్ ఖాయిదా ఖైదీలు సొరంగం తవ్వుకుని పక్క మసీదులో తేలారు. లోపలివాళ్ల సాయం లేకుండా అది సాధ్యమేనా అని అప్పుడే చాలామంది అడిగారు. శత్రువు పూర్తిగా చచ్చిపోతే డాలర్లు ఆగిపోతాయి కదండీ. సౌదీ వాళ్లు తెగల పెద్దలకి నెలనెలా భత్యాలిచ్చి ఇంకో వైపు నుంచి తాడు పట్టుకున్నారు. ఇది కొత్తా కాదు. 1962లో మొదలైన అంతర్యుద్ధంలో ఈజిప్టు ఒక పక్షానికి, సౌదీ ఇంకో పక్షానికి కాసి ఐదేళ్లు యెమెన్ వాళ్ల నేల మీద కొట్టుకున్నాయి.

ఇక 2011 తర్వాత జరిగింది చూస్తే ఎవరు ఎవరి వైపో గుర్తుపెట్టుకోవడమే కష్టం. జనం రోడ్డెక్కితే సాలెహ్ దిగిపోయాడు, కానీ కేసులుండవని చట్టం చేయించుకుని మరీ దిగాడు. ఆ ఒప్పందానికి పెద్దమనుషులు గల్ఫ్ రాజ్యాలే. 2004 నుంచి 2010 దాకా తానే ఆరుసార్లు యుద్ధం చేసిన ఉత్తర యెమెన్ తిరుగుబాటుదారులు హౌతీలతో 2014లో చేతులు కలిపి సనాని వాళ్లకి అప్పగించాడు. 2015 మార్చి 26న సౌదీ, ఎమిరేట్స్ కూటమి బాంబులేయడం మొదలుపెట్టింది. హౌతీల వెనక ఇరాన్. 2017 డిసెంబరులో సాలెహ్ మళ్లీ సౌదీ వైపు తిరిగాడు. రెండ్రోజుల్లో హౌతీలు చంపేశారు. అప్పటిదాకా హౌతీలతో కలిసి పోరాడిన తారిఖ్ ఎమిరేట్స్ అండతో ఇంకో సైన్యం కట్టుకుని, కాఫీకి పేరిచ్చిన మోఖా రేవులో కూర్చున్నాడు. 2022లో దేశాన్ని నడిపే ఎనిమిది మంది మండలిలో సభ్యుడయ్యాడు. అహ్మద్ అలీ మీద, చనిపోయిన తండ్రి మీద ఉన్న ఐరాస ఆంక్షల్ని 2024 జూలైలో ఎత్తేశారు. 20 దేశాల్లో దాచారన్న ఆ సొమ్ము ఏమైందో నాకైతే తెలియలేదు.

హౌతీలు మాత్రం ఏమైనా వేరా? వాళ్లదీ కుటుంబమే. హుస్సేన్ చనిపోతే తమ్ముడు అబ్దుల్ మాలిక్ నాయకుడు, బాబాయి హోం మంత్రి. 2020లో ఖనిజాలు, చేపలు లాంటి వాటిలో ఐదో వంతు ప్రవక్త వంశీకులకి చెందాలని నిబంధన తెచ్చారు. ఆ వంశీకుల్లో వాళ్లూ ఉన్నారు. ఆకలితో ఉన్నవాళ్లకి పంపిన బియ్యం, పిండి సనాలో దారి మళ్లుతున్నాయని ప్రపంచ ఆహార కార్యక్రమమే 2018 చివర్లో బయటపెట్టింది, మరుసటి ఏడాది కొంతకాలం సరఫరా ఆపింది కూడా.

మధ్యలో పోయింది జనం. 2021 చివరికి 3 లక్షల 77 వేల మంది చనిపోయి ఉంటారని ఐరాస అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ అంచనా. అందులో దాదాపు 60 శాతం ఆకలి, రోగం, మంచినీళ్లు లేకపోవడం వల్ల. నాతో పనిచేసిన యెమెనీ టెక్నీషియన్ ఒకాయన హొదైదాలోనే ఉండిపోయాడు. 2017లో కలరా వచ్చినప్పుడు వాట్సాప్‌లో ఫొటో పంపాడు: బల్ల మీద వరసగా రోగక్రిముల్ని పెంచి చూసే కల్చర్ ప్లేట్లు, ఆకుపచ్చ ప్లేట్ల నిండా పసుపు చుక్కలు. ఆ పసుపు చూస్తే మా పనివాళ్లకి చదవక్కర్లేదు, అది కలరా అని. "ప్లేట్లు అయిపోయాయి. ఇక చూడకుండానే రాస్తున్నాం" అని కింద రాశాడు. ఆయన ప్రభుత్వోద్యోగి. 2016లో సెంట్రల్ బ్యాంకుని సనా నుంచి, సౌదీ బలపరిచే ప్రభుత్వం చేతిలో ఉన్న ఏడెన్‌కి మార్చినప్పటి నుంచి ఆయనకి సరిగ్గా జీతం లేదు. పండగ ముందు ఎప్పుడైనా సగం జీతం పడుతుంది. అయినా డ్యూటీకి వెళ్తాడు. ఎందుకని ఒకసారి అడిగితే, ఇంట్లో కూర్చుంటే ఆకలి ఎక్కువేస్తుంది అన్నాడు.

ఇప్పుడు నా ప్రశ్న.

ఈ యుద్ధంలో అందరి తప్పులూ రాసిపెట్టడానికి జెనీవాలోని ఐరాస మానవ హక్కుల మండలి 2017లో ఒక నిపుణుల బృందాన్ని వేసింది. వాళ్లు సౌదీ కూటమినీ వదల్లేదు, హౌతీల్నీ వదల్లేదు, ఏడెన్ ప్రభుత్వాన్నీ వదల్లేదు, ఆయుధాలమ్మిన దేశాల్నీ వదల్లేదు. 2021 అక్టోబరు 7న ఆ బృందం గడువు పొడిగించాలా వద్దా అని ఓటింగ్ పెట్టారు. పొడిగించాలని 18, వద్దని 21. ఆ 21లో మనం ఉన్నాం. మండలి పెట్టిన పదిహేనేళ్లలో ఒక తీర్మానం ఓడిపోవడం అదే మొదటిసారి. మూడు ఓట్ల తేడా. భారత్, పాకిస్తాన్, చైనా మూడూ ఆ రోజు ఒకే వైపు చెయ్యెత్తాయి. వేరే విషయంలో అయితే సంతోషించేవాణ్ణేమో.

ఎందుకు వేశామో నాకు కొంత ఊహ ఉంది. అప్పటికే ఎమిరేట్స్‌లోనే దాదాపు 35 లక్షల మంది మనవాళ్లు. మా వీధిలోనే నాలుగు ఇళ్లు దుబాయ్ డబ్బుతో లేచాయి. చమురు ఉంది. ఒక్క దేశం మీద వేలెత్తి చూపే తీర్మానాల్ని మనం సాధారణంగా సమర్థించం, అదీ తెలుసు. గల్ఫ్‌లో పనిచేసేవాడి గుండెలో ఉండే టెన్షన్ నాకు మీరు చెప్పక్కర్లేదు. ఆ టెన్షన్ యెమెనీలకి ఇంకా బాగా తెలుసు. 1990లో కువైట్ గొడవలో తమ మాట వినలేదని సౌదీ లక్షలమంది యెమెనీ కూలీల్ని వెళ్లగొట్టింది, భద్రతామండలిలో యుద్ధానికి వ్యతిరేకంగా ఓటేసినందుకు అమెరికా సాయం కోసేసింది. ఆ దేశంతో పోలిస్తే మనం ఎంత పెద్దవాళ్లం! పొడిగించమని ఓటెయ్యకపోతే పోనీండి, ఆ రోజు ఏడు దేశాలు తటస్థంగా ఉన్నాయి. మనం ఎనిమిదో దేశం కాలేకపోయామా?

పైగా మొహమాటపడి మనం కాపాడుకున్నదేమిటి? ఎర్ర సముద్రంలో, ఏడెన్ సింధుశాఖలో ఓడలకి నిప్పంటుకుంటే ఆర్పడానికి మనవాళ్లే వెళ్లాలి. 2024 జనవరిలో హౌతీల దాడిలో మార్లిన్ లువాండా అనే చమురు ఓడ మండుతుంటే అందులో 22 మంది భారతీయులు. వెళ్లింది ఐఎన్ఎస్ విశాఖపట్నం. ఇక మనకి కావలసిన ఆ ఇద్దరు స్నేహితులూ 2025 డిసెంబరు చివర్లో యెమెన్‌లోని ముకల్లా రేవులోనే తగువు పడ్డారు, ఎమిరేట్స్ నుంచి వచ్చిన ఆయుధాలంటూ సౌదీ బాంబులేసింది. ముకల్లా అంటే మనకి పరాయి ఊరు కాదండీ. హైదరాబాద్ బార్కస్‌లో ఉన్న అరబ్బుల తాతముత్తాతలు ఆ ఊరున్న హద్రమౌత్ ప్రాంతం నుంచే నిజాం సైన్యంలోకి వచ్చారు. 1967 దాకా ముకల్లాను ఏలిన ఖుయైతీ వంశం పైకొచ్చిందీ హైదరాబాద్‌లో జమాదారుగా సంపాదించిన డబ్బుతోనే. ఇవాళ మా కాకినాడ సందుల్లో కూడా తింటున్న మండీ వాళ్ల వంటే.

మిమ్మల్ని అసాధ్యమైనవేవీ అడగడం లేదు. 2015 ఏప్రిల్‌లో సనాలో ఎంబసీ మూసి మొదట జిబూటీకి, తర్వాత రియాద్‌కి మార్చారు. యుద్ధంలో ఒక పక్షం రాజధానిలో కూర్చుని రెండు పక్షాలతో మాట్లాడటం ఎంత కష్టమో యెమెన్‌లో మరణశిక్ష పడిన కేరళ నర్సు నిమిష ప్రియ విషయంలో మీ అధికారులే చూశారు. యెమెన్ గడ్డ మీదే ఎక్కడో ఒక చోట మన మనిషి ఉండాలి. దొంగసొమ్ము మీద నిఘా పెట్టే ఎఫ్ఏటీఎఫ్‌లో మనం సభ్యులం. నల్లధనం గురించి ప్రతి వేదిక మీదా మాట్లాడతాం. ఆ 20 దేశాల లెక్క ఏమైందని అక్కడ ఒక్కసారి అడగండి. లెక్క రాసేవాళ్లని పెట్టాలా అని జెనీవాలో మళ్లీ ఓటింగ్ వస్తే, చెయ్యెత్తే ముందు హొదైదా రేవులో మీరే ఎక్కించిన ఆ ఓడని తలుచుకోండి.

అన్నిటికన్నా ముందు, 2021 అక్టోబరు 7న మనం వద్దని ఎందుకన్నామో నాకు రాసి పంపించండి. హొదైదాలోని ఆ పాత స్నేహితుడు ఒకసారి అడిగాడు, అంతమందిలో మీ దేశం కూడానా అని. ఏం చెప్పాలో తెలియక మాట మార్చి పిల్లల చదువులు అడిగాను. మీ జవాబు ఇంగ్లీషులో ఉన్నా పర్వాలేదు. నాకొచ్చిన అరబ్బీలో నేనే ఆయనకి చెప్పుకుంటాను.

భవదీయుడు,
ఒకప్పుడు హొదైదాలో పనిచేసిన ల్యాబ్ టెక్నీషియన్,
కాకినాడ