చల్లగా ఉన్న రియాక్టర్‌ను నమ్మొద్దు

సంపాదకుల వారికి,

కెమికల్ ఫ్యాక్టరీలో రియాక్టర్ (రసాయనాలు కలిపి రియాక్షన్ జరిపే పాత్ర) పేలిన ప్రతిసారీ 'ఒత్తిడి పెరగడం వల్ల' అని చదువుతుంటాం. ఆ ఒత్తిడి ఎక్కడిదో బ్యాచ్ (ఒక విడత తయారీ) మొదలుపెట్టకముందే లెక్క కట్టొచ్చు. పాశమైలారం, పరవాడ, అచ్యుతాపురం లాంటి పారిశ్రామికవాడల్లో ఈ లెక్క ప్రతి యూనిట్‌లోనూ ఉండి తీరాలి.

ఇందులో ఉన్నవి రెండే సమీకరణాలు. రియాక్ట్ కాకుండా మిగిలిన పదార్థం ఎంతో ఒకటి చెబుతుంది, ఉష్ణోగ్రత ఎటు పోతోందో రెండోది చెబుతుంది. చాలా రియాక్షన్లు ప్రతి 10 డిగ్రీలకూ దాదాపు రెట్టింపు వేగం అందుకుంటాయి. జాకెట్ (రియాక్టర్ చుట్టూ ఉండే చల్లబరిచే తొడుగు) 10 డిగ్రీల దగ్గర ఉండి, లోపల 30 కాస్తా 50 అయితే, జాకెట్ లాగే వేడి రెండింతలు, పుట్టే వేడి నాలుగింతలు. పైగా లీటరు ఫ్లాస్కును అదే ఆకారంలో 5,000 లీటర్లకు పెంచితే లీటరుకు దక్కే జాకెట్ వైశాల్యం 17వ వంతుకు పడిపోతుంది.

అసలు గండం అక్యుములేషన్‌తోనే, అంటే రియాక్ట్ కాని సరుకు లోపల పేరుకోవడంతోనే. వేడెక్కుతోందని జాకెట్‌లోకి బ్రైన్ (చల్లటి ఉప్పునీరు) ఎక్కువ వదులుతారు. రియాక్షన్ మందగిస్తుంది, డోసింగ్ (సరుకును కొద్దికొద్దిగా లోపలికి వదలడం) మాత్రం సాగుతూనే ఉంటుంది. మీటర్‌లో ఉష్ణోగ్రత తక్కువే కనిపిస్తుంది, లోపల సరుకు పేరుకుపోతుంటుంది.

కిలో మిశ్రమానికి 200 కిలోజౌళ్ల వేడి, విశిష్టోష్ణం (కిలోను ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడి) 2 కిలోజౌళ్లు అనుకుందాం. కూలింగ్ లేకుండా అంతా రియాక్ట్ అయితే 100 డిగ్రీలు పెరుగుతుంది. 35 డిగ్రీల దగ్గర నడుస్తున్న బ్యాచ్‌లో 40 శాతం పేరుకుని ఉండగా కూలింగ్ పోతే, డోసింగ్ వెంటనే ఆపినా 75కు చేరుతుంది. లోపల ద్రావణి మెథనాల్ అయితే అది 65 దగ్గరే మరుగుతుంది, ఆ ఆవిరితోనే ఒత్తిడి పెరుగుతుంది. డోసింగ్ నెమ్మదించి పేరుకునే వాటాను 20 శాతానికి దించితే 55తో సరిపోతుంది.

'ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాం' అనే మాట చెల్లదు. అమెరికాలోని జాక్సన్‌విల్‌లో టీ2 ల్యాబొరేటరీస్ రియాక్టర్ 2007 డిసెంబరు 19న కూలింగ్ విఫలమై పేలింది, నలుగురు చనిపోయారు. ఆ ఉత్పత్తిలో అది 175వ బ్యాచ్.

ఫ్యాక్టరీల శాఖ తనిఖీలో మొదట అడగాల్సింది రియాక్షన్ క్యాలరీమీటర్ (రియాక్షన్‌లో పుట్టే వేడిని కొలిచే పరికరం) ఫలితాలు. కూలింగ్ పోతే ఎంత వేడికి, ఎన్ని నిమిషాల్లో చేరుతుందో బ్యాచ్ షీట్ మొదటి పేజీలోనే రాయించాలి, అక్కడ పనిచేసేవాళ్లు చదవగల భాషలో. సరుకును కలిపే స్టిరర్ ఆగితే కంగారుగా మళ్లీ ఆన్ చేయొద్దనీ అందులో ఉండాలి. పొరలుగా నిలిచిన సరుకంతా ఒక్కసారిగా కలుస్తుంది. ముందు మూయాల్సింది డోసింగ్ వాల్వు.

- ఒక ప్రాసెస్ సేఫ్టీ ఇంజనీర్, సంగారెడ్డి