గర్భసంచి తీయించే ముందు ఏ పరీక్ష?

సంపాదకుల వారికి,

40 ఏళ్లు దాటిన స్త్రీలకు రక్తస్రావం ఎక్కువైనా, ముట్లు ఆగిపోయాక మళ్లీ కనిపించినా, మా కందుకూరు, కనిగిరి వైపు పల్లెల్లో పొట్ట మీద స్కానింగు తీయించి, కాగితంలో ‘పొర (గర్భసంచి లోపలి పొర) మందంగా ఉంది’ అన్న ఒక్క మాట పట్టుకుని గర్భసంచి తీయించడానికి సిద్ధపడే కుటుంబాలను తరచూ చూస్తున్నాను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అందుకే ఏ పరీక్ష ఏం చెప్పగలదో జనానికి తెలియాలి.

యోని మార్గంలో చేసే స్కానింగులో పొర మరింత స్పష్టంగా కొలతకు అందుతుంది. ముట్లు ఆగిన స్త్రీలో అది 4 మిల్లీమీటర్లు దాటకపోతే క్యాన్సర్ ఉండే అవకాశం చాలా స్వల్పం. ఈ లెక్క నెలసరి వస్తున్నవారికి వర్తించదు. వారిలో మందం రోజులను బట్టి మారుతుంది కనుక ఆ అంకె చూపి భయపెట్టడం అన్యాయం.

ఎప్పటినుంచో నడుస్తున్న డి అండ్ సిలో మత్తిచ్చి, లోపల ఏముందో కంటికి కనిపించకుండానే పొరను గోకి తీస్తారు. పైపెల్ అనే సన్నని ప్లాస్టిక్ గొట్టంతో అయితే ఓపీలోనే, సాధారణంగా మత్తు లేకుండా, కొద్ది నిమిషాల్లో ముక్క తీయవచ్చు. పొరంతా వ్యాపించిన క్యాన్సర్‌ను ఇది బాగానే పట్టిస్తుంది గానీ, ఒక మూలనున్న పాలిప్ (పొర మీద పెరిగే చిన్న కండ) ఈ రెండింటికీ చిక్కకపోవచ్చు. కాబట్టి బయాప్సీ (తీసిన ముక్క పరీక్ష) మామూలుగా వచ్చినా రక్తస్రావం ఆగనివారికి హిస్టెరోస్కోపీ అవసరం. గొట్టం చివర కెమెరాతో చూస్తూ అనుమానమున్న చోటే ముక్క తీయవచ్చు, పాలిప్ ఉంటే తీసేయనూవచ్చు. ఆ సదుపాయం లేనిచోట గర్భసంచిలోకి సెలైన్ ఎక్కించి చేసే స్కానింగు కొంతవరకు ఆదుకుంటుంది.

వీటన్నిటికన్నా ముందు గర్భం లేదని నిర్ధారించుకోవడం, హిమోగ్లోబిన్, అవసరమైతే థైరాయిడ్ చూడటం ఉండనే ఉన్నాయి. స్కానింగు మోజులో పడి గర్భాశయ ముఖద్వారాన్ని కళ్లతో పరిశీలించడమే మానేస్తే, అక్కడి క్యాన్సర్ తొలిదశలో దొరకదు.

45 దాటినవారికి, అంతకన్నా చిన్నవారిలో స్థూలకాయం, పీసీఓడీ (అండాశయాల్లో నీటితిత్తుల సమస్య) ఉన్నవారికి బయాప్సీ ఫలితం చూడకుండా గర్భసంచి ఆపరేషన్‌కు అనుమతి ఇవ్వకూడదు. ఏరియా ఆసుపత్రులకు పైపెల్ గొట్టాలు సరఫరా చేసి, తీసిన ముక్కలను ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాలల పెథాలజీ విభాగాలకు వారానికొకసారైనా పంపే ఏర్పాటు చేయాలని వైద్యాధికారులను కోరుతున్నాను.

– విశ్రాంత స్టాఫ్ నర్సు, కందుకూరు