డ్యూక్ మ్యూజియంలో కలిసిన ఆ పెద్దాయనకు

మొన్న శనివారం అమెరికాలోని డర్హంలో, డ్యూక్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ మ్యూజియంలో మా నాన్నగారికి ఆ జట్టు పాత కోచ్ మైక్ షషెఫ్‌స్కీ (అందరూ పిలిచేది కోచ్ కే అని) కథంతా ఓపిగ్గా చెప్పిన పెద్దాయనకు వేవేల కృతజ్ఞతలు. పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు.

నాన్నగారు గుంటూరులో కాలేజీ పీడీగా చేసి రిటైరయ్యారు. ఆయనకు కప్పుల కన్నా ఓటముల లెక్క నచ్చింది. మైక్ షషెఫ్‌స్కీ 1980లో వచ్చారు. రెండో సీజన్‌లో 10 గెలిచి 17 ఓడారు, మూడో దాంట్లో 11 గెలిచి మళ్లీ 17 ఓడారు. తీసెయ్యమని బయట ఒకటే గోల. అథ్లెటిక్ డైరెక్టర్ టామ్ బటర్స్ మాత్రం 1984లో కాంట్రాక్టు పొడిగించారు. "మా మేనేజ్‌మెంటైతే రెండో ఏడే ఇంటికి పంపేది" అన్నారు నాన్నగారు. నేను ఇంగ్లీషులో చెప్తే పెద్దాయన పగలబడి నవ్వారు. ఆ తర్వాతే కదా 5 జాతీయ టైటిళ్లు! మొత్తం 42 సీజన్లు ఉన్నారు.

1992లో కెంటకీతో మ్యాచ్, మిగిలింది 2.1 సెకన్లు. డ్యూక్ ఆటగాడు గ్రాంట్ హిల్ అంత దూరం నుంచి విసిరిన బంతిని తోటి ఆటగాడు లేట్నర్ ఎలా అందుకున్నాడో, ఒకసారి డ్రిబుల్ చేసి ఎలా తిరిగి బుట్టలో వేసి గెలిపించాడో, చేతికర్ర గోడకి ఆనించి మరీ చేసి చూపించారు. పడతారేమోనని నా గుండె ఝల్లుమంది.

ఇంతా చేసి ఆయన డ్యూక్‌కి బద్ధ ప్రత్యర్థి అయిన నార్త్ కరోలినా యూనివర్సిటీ జట్టు అభిమానట! 2022లో కోచ్ కే ఆఖరి మ్యాచ్‌లో 81-77తో ఓడించింది మేమేనని కన్నుగీటారు.

ఈ చుట్టుపక్కల తెలుగువాళ్లెవరైనా గుర్తుపడితే ఆయనకు చెప్పండి, నాన్నగారు భోజనానికి పిలుస్తున్నారని.