మోల్ లెక్కల్లో కణం పేరు తప్పనిసరి చేయాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఇరవై ఏళ్లుగా రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. డజను అంటే పన్నెండు అన్నట్టే, మోల్ అంటే సుమారు 6.022×10²³ కణాలు; 18 గ్రాముల నీరు ఒక మోల్ అణువులు. ఏటా కొత్త తరగతిలో ముందుగా 18 గ్రాముల నీటిలో పరమాణువులెన్ని అని అడుగుతాను. చాలామంది 6.022×10²³ అని తడుముకోకుండా చెబుతారు. అది అణువుల సంఖ్య. ఒక్కో నీటి అణువులో రెండు హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి కాబట్టి, పరమాణువుల సంఖ్య దానికి మూడు రెట్లు, అంటే సుమారు 1.81×10²⁴ అవుతుంది. గుణకారం రాక చేసిన తప్పు కాదిది. దేన్ని లెక్కపెడుతున్నామో చూసుకోకపోవడం వల్ల వచ్చింది.

ఆ అలవాటు మా ప్రశ్నల నుంచే వస్తోందని నా బాధ. 'ఒక మోల్ ఆక్సిజన్ భారమెంత?' అని అడిగితే పరమాణువులకు 16 గ్రాములు, అణువులకు 32 గ్రాములు, రెండూ సరైనవే. మోల్‌ను 1971లో అంతర్జాతీయ ప్రమాణాల్లో చేర్చినప్పుడే కణమేదో విధిగా పేర్కొనాలని షరతు పెట్టారు. 2019 మే 20 నుంచి మోల్ అంటే కచ్చితంగా 6.02214076×10²³ కణాలని నిర్వచనం మారినా, ఆ కణం అణువా, పరమాణువా, అయానా (విద్యుదావేశమున్న కణమా) అన్నది చెప్పక తప్పదు.

తెగుళ్ల మందుగా బోర్డో మిశ్రమం కలిపే రైతు ఇళ్ల పిల్లలకు, అందులో వాడే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) బాగా తెలుసు. దాని ఫార్ములాలో ఒక రాగి, ఒక గంధకం, నాలుగు ఆక్సిజన్‌లతో పాటు ఐదు నీటి అణువులున్నాయి. మోల్ భారం 249.5 గ్రాములు. 24.95 గ్రాములు, అంటే 0.1 మోల్ తూచి ఆక్సిజన్ పరమాణువులెన్నని అడిగితే, స్ఫటిక జలాన్ని, అంటే స్ఫటికంలో ఇమిడి ఉన్న ఆ నీటిని వదిలేసి 0.4 మోల్‌లని రాసేవారే ఎక్కువ. నీటిలోని ఐదింటినీ కలిపితే ఫార్ములాకు తొమ్మిది, అంటే 0.9 మోల్‌లు, 5.42×10²³ పరమాణువులు. ఇదే లెక్కన కిలో మైలుతుత్తంలో నీరే 361 గ్రాములు, రాగి 255 గ్రాములే ఉంటాయని తేలినప్పుడు పిల్లలు ఆశ్చర్యపోతారు, ఇక ఆ నీటిని మరచిపోరు.

నేను పనిచేసిన ఒక కళాశాలలో తరాజు ఏడాదంతా బీరువాలోనే ఉండేది. ఒక్కో మోల్ చొప్పున 58.5 గ్రాముల ఉప్పును, 342 గ్రాముల పంచదారను పక్కపక్కన తూచి, ఒకటి అయాన్ల జతలదని, మరొకటి 45 పరమాణువులున్న అణువులదని చూపడానికి ఒక పీరియడ్ చాలు. ప్రశ్నపత్రాలు కూర్చేవారు ప్రతి మోల్ ప్రశ్నలోనూ కణం పేరు రాయాలని, జవాబులో కణం పేరు రాసినవారికి దానికంటూ ఒక మార్కు కేటాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి