అరకు రైలు అని డబ్బు కట్టించుకుని బస్సు ఎక్కించారు, నా డబ్బు వెనక్కి ఇవ్వండి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: విశాఖ–అరకు ఫ్యామిలీ ప్యాకేజీలో ఒప్పుకున్నవి చేయకపోవడం, డబ్బు వాపసు గురించి.

నమస్కారం అండి. మీ కాల్ సెంటర్‌కి ఎప్పుడు ఫోన్ చేసినా "నోట్ చేసుకున్నాం సార్" అంటున్నారు తప్ప తిరిగి ఫోన్ చేసిన నాథుడు లేడు. అందుకే జరిగిందంతా రాసి పంపుతున్నా.

మేం మీ ప్యాకేజీ తీసుకున్నదే అరకు రైలు కోసం. మా నాన్నగారు కాజీపేటలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దింపడానికి 1960ల్లో కొండలు తొలిచి వేసిన కొత్తవలస–కిరండూల్ లైను గురించి, అటువైపు డ్యూటీ చేసొచ్చిన వాళ్ళు చెబితే వినడమే గానీ ఆయన ఎన్నడూ ఆ బండి ఎక్కలేదు. 50కి పైగా సొరంగాలు, శృంగవరపుకోట దాటాక ఎక్కే ఘాటు, కింద లోయలు, ఇవన్నీ విస్టాడోమ్ అనే పెద్ద అద్దాల పెట్టెలో కూర్చుని చూడాలని ఆయన ఆశ. బుకింగ్ తీసుకున్న మీ స్టాఫ్‌కి ఈ సంగతి ఒకటికి రెండుసార్లు చెప్పాను. "విస్టాడోమ్ కన్ఫర్మ్ సార్, టెన్షన్ పడకండి" అన్నారు. మీరు పంపిన ప్లాన్ కాగితంలో కూడా అదే ఉంది, నాన్న ఆ లైను కింద పెన్నుతో గీత కూడా పెట్టుకున్నారు.

తీరా ముందురోజు రాత్రి భోజనాలయ్యాక మెసేజ్ పెట్టారు, కొండచరియలు పడి రైలు రద్దయింది, పొద్దున్నే బస్సు వస్తుంది, రెడీగా ఉండండి అని. ఆ లైన్లో గట్టి వానలకు కొండచరియలు పడటం, బళ్ళు ఆపడం మామూలే కాబట్టి నిజమే అనుకున్నాం. నాన్నే నాకు సర్దిచెప్పారు, ప్రకృతి చేతిలో ఉన్నదానికి ఎవర్నేం అంటాం అని.

ఘాట్ రోడ్డు మలుపులకు మా అమ్మకు వాంతులు మొదలయ్యాయి. డ్రైవర్ మంచివాడు, అడిగినచోటల్లా ఆపాడు, ఎక్కడో నిమ్మకాయ సంపాదించి తెచ్చిచ్చాడు, అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, దయచేసి ఈ లేఖ చూపించి అతని మీద పడకండి. బొర్రా గుహల దగ్గర ఆపితే అమ్మ ఆ మెట్లు దిగలేనని పైనే కూర్చుంది. గుహల పైనుంచే రైలు పట్టాలు వెళ్తాయి, స్టేషన్ కూడా దగ్గరే కదా, కనీసం ప్లాట్‌ఫాం అయినా చూసొస్తానని నాన్న వెళ్ళారు. అక్కడ టీ అమ్మే ఆయన్ని అడిగితే "కిరండూల్ బండా? పొద్దున వచ్చి పోయిందిగా, అద్దాల పెట్టె నిండా జనమే" అన్నాడట. నాన్న తిరిగొచ్చి ఆ ప్లాన్ కాగితం మడిచి నా చేతిలో పెట్టారు, అరకు చేరేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. వలిసె పూలు రోడ్డుకి రెండువైపులా పసుపు పచ్చగా పూసి ఉన్నాయి, పిల్లలు పిలిచినా ఆయన తల తిప్పి చూడలేదు.

నేను వెంటనే ఫోన్లో రైలు స్టేటస్ చూశాను. ఆ రోజు బండి విశాఖలో బయల్దేరింది, అరకు చేరింది, అన్నీ ఉన్నాయి. స్క్రీన్‌షాట్లు ఈ మెయిల్‌కి జత చేశాను. అంటే రైలు రద్దు కాలేదు, మీరు టికెట్లే తీయలేదు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, మేం మీకు డబ్బు కట్టింది అంతకన్నా ముందే. విస్టాడోమ్ సీట్లు త్వరగా అయిపోతాయని టూర్లు నడిపే మీకు తెలియదా? దొరకలేదని నిజం చెప్పి ఉంటే తేదీ మార్చుకునేవాళ్ళం, లేదా మామూలు పెట్టెలో అయినా వెళ్ళేవాళ్ళం. అబద్ధం చెప్పి ఆ రెండు దారులూ మూసేశారు. నాకు అన్నిటికన్నా మంట ఇదే.

మిగతావి కూడా చెప్పాలి. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం సోమవారం పెట్టారు. సోమవారం దానికి సెలవు. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి, 2001లో సేవలు ముగించుకున్న సబ్‌మెరైన్ అది, మా వాడు దాని గురించి స్కూల్ ప్రాజెక్టు చేసుకోవాలని నోట్‌బుక్ కూడా తెచ్చుకున్నాడు. గేటు బయట నిలబడి ఫొటో తీసుకుని వచ్చాం. వైజాగ్ టూర్లు అమ్మే కంపెనీకి ఏది ఏ రోజు మూసి ఉంటుందో తెలియకపోతే ఎలా అండి?

భీమిలి అయితే పూర్తిగా ఎగ్గొట్టారు. బొర్రా గుహల్లోంచి వచ్చే గోస్తని నది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది, కొండల్లో చూసిన నీళ్ళనే మళ్ళీ సముద్రం దగ్గర చూద్దామని పిల్లలకు చెప్పి ఉంచాను. దారిలో తొట్లకొండ బౌద్ధ స్తూపాలు, భీమిలిలో డచ్చి వాళ్ళ పాత సమాధులు కూడా మీ ప్లాన్‌లోనే రాసి ఉన్నాయి. "టైం లేదు సార్" అన్న మీ గైడ్ అదే మధ్యాహ్నం మమ్మల్ని జీడిపప్పు, చీరల షాపుల్లో గంటకు పైగా కూర్చోబెట్టాడు. కమిషన్ కోసం కాకపోతే ఎందుకు? హోటల్ గది, సింహాచలం దర్శనం బాగానే జరిగాయి, వాటి గురించి నేనేమీ అనట్లేదు.

నాకు కావలసింది ఇది. అరకు రోజుకి మీరు వసూలు చేసిన మొత్తం, భీమిలి రోజుకి సగం వెనక్కి ఇవ్వాలి. రైలు రద్దయిందని ఎవరు, ఎందుకు చెప్పారో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. అందులో మా నాన్నగారికి క్షమాపణ ఉండాలి, నాకు కాదు. తర్వాతి ట్రిప్పుకి డిస్కౌంట్ కూపన్ ఇస్తామని మీవాళ్ళు అంటున్నారు, అది నాకు వద్దు.

15 రోజుల్లో జవాబు రాకపోతే ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను, తర్వాత మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్ళోనే కేసు వేయొచ్చు, మీ ఆఫీసు ఉన్న ఊరికి రానక్కర్లేదు. రసీదు, ప్లాన్ కాగితం, మీ మెసేజ్, రైలు స్టేటస్ అన్నీ జత చేశాను. ఫోన్లు వద్దు, జవాబు మెయిల్‌లోనే ఇవ్వండి.

ఇట్లు,
మీ ప్యాకేజీలో వచ్చిన ఒక కస్టమర్,
హనుమకొండ