ఏప్రిల్‌లో ఆర్డరిస్తే కూలర్లు వానల్లో వస్తాయి: చంద్రపూర్ జిల్లా పాలకమంత్రి గారికి బహిరంగ లేఖ

మహారాష్ట్రలోని మా చంద్రపూర్ జిల్లాకు ఇన్‌ఛార్జి మంత్రి అయిన గౌరవనీయులైన పాలకమంత్రి గారికి నమస్కారం.

ఈ ఎండాకాలానికి జిల్లాలోని సర్కారు దవాఖానల వార్డులకు కూలర్లు కిరాయికి తీసుకోండి. ఆ ఒప్పందం ఫిబ్రవరి దాటకుండా పూర్తి చేయించండి. నేను అడిగేది ఇదే.

మరాఠీలో అర్జీ మీ కార్యాలయంలో విడిగా ఇచ్చాం. తెలుగులో మళ్ళీ రాయడానికి కారణం ఉంది. వర్ధా నదికి ఇటు బల్లార్‌పూర్‌లో, అటు రాజురాలో సర్కారు దవాఖాన మంచాల మీద పడుకునేవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. బొగ్గుగనుల కోసం, కాగితం మిల్లు కోసం తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డవాళ్ళం కొందరం. రాజురా వైపు వాళ్ళయితే ఎక్కడినుంచో వచ్చినవాళ్ళు కారు, 1956 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న తాలూకానే. తమ తరఫున ఏం అడుగుతున్నారో వాళ్ళకూ తెలియాలి.

నేను బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. కూలర్ల వ్యాపారం నాకు గానీ మా ఇంట్లో ఎవరికి గానీ లేదు.

నిరుడు రోహిణి కార్తెలో మా కోడలికి ఒక సర్కారు దవాఖానలో కాన్పయింది. దాని పేరు రాయను. అక్కడి సిస్టర్లు మమ్మల్ని కన్నబిడ్డల్లా చూసుకున్నారు, తప్పు వాళ్ళది కాదు. బాలింతల వార్డు పై అంతస్తులో ఉంది, మీద స్లాబు తప్ప ఇంకేమీ లేదు. రాత్రి తొమ్మిదింటికి కూడా గోడకు చెయ్యి ఆనిస్తే చురుక్కుమంది. ఫ్యాను వేస్తే వేడిగాలి, ఆపితే ఉక్క. మా ఆవిడ తడి తువ్వాలు కిటికీ ఊచలకు కట్టి, అది ఆరగానే మళ్ళీ తడిపి కడుతూ తెల్లవార్లూ కూర్చుంది. పసిగుడ్డు ఒళ్ళు కాలిపోతుంటే అది జ్వరమో ఎండ వేడో తెలియక అందరం టెన్షన్ పడ్డాం. ఆ వార్డులో ప్రతి మంచం దగ్గరా ఇదే పరిస్థితి.

పొద్దున్నే నీళ్ళకని వెనక్కి వెళ్తే, గోడ పక్కన కూలర్లు వరసగా కనిపించాయి. డబ్బాల మీద తెల్ల పెయింటుతో స్టాకు నంబర్లు ఇంకా చెరగలేదు. అడుగు రేకు తుప్పు పట్టి చిల్లులు పడింది, నీళ్ళతో తడిసి గాలిని చల్లబరిచే గడ్డిని ఎలుకలు పీకేశాయి. ఒకదానికి మోటారు ఉంది, పంపు లేదు. ఇంకోదానికి పంపు ఉంది, వైరు లేదు. అడిగితే అక్కడి ఉద్యోగి ఒకాయన చెప్పాడు: ఏప్రిల్‌లో నిధులొచ్చాక ఆర్డరు పెట్టారట, సరుకు దిగేసరికి వానలు పడ్డాయట. ఆ తర్వాతి ఎండాకాలం వాటికి గడ్డి మార్చే మనిషి లేడు, పంపు కొనడానికి పద్దు లేదు.

అందుకే కిరాయి అంటున్నాను. నాలుగైదేళ్ళ లెక్క తీస్తే కొనడమే చవక అని మీ అధికారులు అనవచ్చు. కాగితం మీద అది నిజమే. కానీ కూలర్‌కు ఏటా గడ్డి మార్చాలి, ఉప్పు నీళ్ళు వాడే చోట మధ్యలో ఇంకోసారి మార్చాలి, పంపులు కాలిపోతుంటాయి, తొట్టి కడగాలి. ఇవి చూసే మనిషిని పెట్టకుండా కొంటే మనం కొన్నది రేకు డబ్బానే. కిరాయికి తీసుకుంటే ఆ బరువంతా ఇచ్చేవాడి మీద ఉంటుంది. మన విదర్భలో ఎండాకాలం కూలర్లు కిరాయికి ఇవ్వడం కొత్త సంగతేమీ కాదు. అద్దె గదుల్లో ఉండి చదువుకునే పిల్లలు కూడా తెచ్చుకుంటారు.

ఏసీలే పెట్టవచ్చు కదా అనేవాళ్ళూ ఉన్నారు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలి ఎండిపోయి ఉంటుంది. 44 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతం ఉంటే, గడ్డి బాగున్న కూలర్ లోపలికి దాదాపు 30 డిగ్రీల గాలి పంపుతుంది. పెద్ద కూలర్ తినేది 200 నుంచి 250 వాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ ఒకటి నడిచే కరెంటులో ఆరేడు కూలర్లు నడుస్తాయి. కరెంటు పోతే జనరేటర్ మీద కూడా నడపవచ్చు. 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉన్న జిల్లాలో కూడా మే నెల మధ్యాహ్నం కరెంటు పోవడం మాకు తెలియంది కాదు.

అయితే కూలర్ అన్నిచోట్లా పనికిరాదు. ఆపరేషన్ గదిలోకి, కాన్పు గదిలోకి, నవజాత శిశువుల గదిలోకి బయటి దుమ్ముగాలి పోకూడదు. మందుల గదిలో తేమ చేరకూడదు, అక్కడి మందుల్లో చాలావాటిని 25 లేదా 30 డిగ్రీల లోపు ఉంచాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఈ గదులకు ఏసీలే కావాలి, వాటిని కొనాల్సిందే. కొత్తవి బిగించేదాకా కిరాయికి చక్రాల ఏసీలు తెస్తే వాటి వేడిగాలి గొట్టాన్ని భవనం బయటికి తీయించండి. ఒక ఆఫీసులో ఆ గొట్టాన్ని వరండాలోకి వదిలితే, అక్కడ క్యూలో నిలబడ్డ ముసలివాళ్ళు ఆ సెగకు పక్కకు జరగడం చూశాను.

వడదెబ్బ గది గురించి వేరుగా చెప్పాలి. వడదెబ్బ తగిలిన మనిషి ఒంటి వేడి 40 డిగ్రీలు దాటిపోతుంది, దాన్ని నిమిషాల్లో దించాలి. గది గాలే 40 ఉంటే తడిబట్టలూ ఐసూ ఎంతని పనిచేస్తాయి? మార్చి సగానికల్లా ప్రతి దవాఖానలో ఆ గది చల్లగా సిద్ధం కావాలి.

ఇక ఒప్పందం. నెలకు ఇంత అని గంపగుత్తగా రాస్తే కూలర్ ఆగినా డబ్బు వెళ్ళిపోతుంది. తిరిగిన రోజుకు ఇంత అని రాయండి. ఫిర్యాదు అందిన నాలుగు గంటల్లో బాగుచేయాలి, లేదా వేరేది పెట్టాలి. అందుకోసం దవాఖానలోనే పది కూలర్లకు ఒకటి చొప్పున అదనంగా ఉండాలి. తిరిగిందో లేదో సంతకం పెట్టే అధికారం వార్డు సిస్టర్‌కు ఇవ్వండి, ఆ సంతకం లేకుండా బిల్లు కదలకూడదు. మార్చి 31తో లెక్కల సంవత్సరం మారుతుంది కాబట్టి మార్చి బిల్లు వేరు, ఏప్రిల్ నుంచి బిల్లు వేరు అని ముందే రాసుకోండి. డబ్బు ఇరుక్కుపోతుందన్న భయంతోనే మంచి దుకాణదారులు సర్కారు పని పట్టుకోరు. మృగశిర దాటి వారం పది రోజులకు వాపసు తీసుకుపోవచ్చు. గాలిలో తేమ చేరాక కూలర్ చల్లదనం ఇవ్వదు, జిగట పెంచుతుంది.

నీళ్ళ లెక్క ఎవరూ వేయరు. ఎండ ముదిరినప్పుడు పెద్ద కూలర్ గంటకు పాతిక లీటర్ల దాకా తాగుతుంది. పది కూలర్లు రేయింబవళ్ళు తిరిగితే రోజుకు ఐదారు వేల లీటర్లు, అంటే ఒక ట్యాంకరు. రోగుల తాగునీటి ట్యాంకు నుంచి అది తీయకూడదు. తొట్టిని వారానికోసారి పూర్తిగా వంచి, ఆరబెట్టాలి. డెంగీ దోమ పెరిగేది ఇలాంటి నిలవ నీటిలోనే.

నాకు బాగా తెలిసిన విషయం వైరింగు. కూలర్ షాకు కొట్టి మనుషులు చనిపోయిన వార్తలు మన వైపు ప్రతి ఎండాకాలం చదువుతున్నాం. రేకు డబ్బా, లోపల నీళ్ళు, కింద తడి నేల, చేతిలో పిల్లాడు. ప్రతి కూలర్‌కూ మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగు, ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే బ్రేకరు ఉండాలి. ఒకే బోర్డు నుంచి ఎక్స్‌టెన్షన్ పెట్టెలతో నాలుగింటిని లాగితే ఒప్పుకోకూడదు. కూలర్లు పెట్టకముందే ప్రజాపనుల శాఖ విద్యుత్ విభాగం వాళ్ళు వచ్చి లోడు కొలిచి, ఎర్తింగు చూసి, రాసిచ్చి వెళ్ళాలి. మంజూరైన లోడు చాలకపోతే కరెంటు సరఫరా సంస్థ మహావితరణ్‌కు దరఖాస్తు ఇప్పుడే పడాలి. 2021 జనవరి 9న భండారా జిల్లా దవాఖాన శిశువుల విభాగంలో మంటలు లేచి 10 మంది పసికందులు చనిపోయారు. ఆ తల్లుల్ని తలచుకుంటే నాకిప్పటికీ గొంతు పూడుకుపోతుంది. అందుకే చల్లదనం అడిగే చోటే ఈ జాగ్రత్త కూడా అడుగుతున్నాను.

జిల్లా ప్రణాళిక కమిటీకి అధ్యక్షులు మీరే. దవాఖానల్లో రోగుల సంక్షేమం చూసే రుగ్ణ కల్యాణ సమితులున్నాయి. ఏ పద్దు నుంచి ఎంత అన్నది మీరు, కలెక్టర్ గారు, సివిల్ సర్జన్ గారు ఒక్క పూట కూర్చుంటే తేలిపోతుంది. ఇప్పుడు జనవరి. ఈ నెలలో ఏ దవాఖానకు ఎన్ని కూలర్లు, ఏ గదికి ఏసీ అన్న జాబితా తెప్పించండి. ఫిబ్రవరిలో ధరలు పిలిచి, పని ఆర్డరు ఇప్పించండి. మార్చి 15కు ప్రతి వార్డులో కూలర్ తిరగాలి. ఆ జాబితాను దవాఖాన గోడ మీద మరాఠీలోనూ తెలుగులోనూ అంటిస్తే, ఏ కూలర్ ఆగిందో ఫోను చేసి చెప్పే పని మేం చేస్తాం. ఎర్తింగు సరిచూడటానికి మనుషులు చాలకపోతే నాలాంటి రిటైరైన ఎలక్ట్రీషియన్లం ఉన్నాం. డబ్బు అక్కర్లేదు, పిలిస్తే వస్తాం.

ఇట్లు,
చంద్రపూర్ జిల్లా నుంచి
ఒక రిటైర్డ్ గని ఎలక్ట్రీషియన్